గుండెలో ఒక పెట్టె, బండిలో ఒక పెట్టె: చిత్తూరు నుంచి సత్యవేడుకు

ఏప్రిల్‌లో ఒక బుధవారం పొద్దున ఆరున్నరకు చిత్తూరులో మా వీధి చివర నుంచి బండి కదిలింది. ముందు రోజు సాయంత్రమే సత్యవేడు దగ్గర ఉండే మా చెల్లెలు రాజమ్మ ఫోన్ చేసి నన్ను రావద్దని చెప్పింది.

"అక్కా, కరెంటు సామాన్లుండే బండిలో పండుకుంటే ఒంట్లో మిషను నిలిచిపోతాదంట. పక్కింటామె ఫోన్లో పంపినాది, సూసినా. నా గేటు కాడికొచ్చి నీకేమన్నా అయితే నేను బతకలేను. రావద్దు."

"మూడేండ్లయింది నిన్ను సూసి. వస్తా ఉండా," అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక చెయ్యి దానంతట అదే ఎడమ భుజం మీదికి పోయింది. ఆ మాట నాకూ కొంచెం గుచ్చుకుంది మరి.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందట గుండె వేగం తగ్గిపోయి కళ్ళు తిరిగి పడిపోతే, తిరుపతి ఆసుపత్రిలో ఎడమ భుజం కింద చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టెంత ఉంటుంది. గుండె ఆలస్యం చేసినప్పుడల్లా ఒక తట్టు తట్టి లేపుతుంది. అంతకు ముందు నేను ఇంట్లో కూర్చునే మనిషిని కాను. తాలూకా ఆఫీసులో టైపిస్టుగా ఉన్న రోజుల్లో ఆదివారం వస్తే ఏదో ఒక బస్సులో కిటికీ పక్కన ఉండేదాన్ని. ఆపరేషన్ తర్వాత గుండె బాగుపడింది కానీ మోకాళ్ళు మొరాయించాయి. పైగా వేసుకునే మాత్రల వల్ల గంటకోసారి బాత్రూముకు పోవాలి. ప్రతి గంటకూ బస్సు ఆపమంటే ఏ కండక్టర్ ఊరుకుంటాడు? రాజమ్మ ఇల్లేమో ఎత్తు మెట్ల ఇల్లు, బాత్రూము పెరట్లో ఆ చివర. ఆమెకు నడుం నొప్పి, ఇల్లు కదలదు. అలా అక్కాచెల్లెళ్ళం ఫోనుకే పరిమితమైపోయాం.

అప్పుడు మా కోడలు హేమ రంగంలోకి దిగింది. ఇక్కడ కొంచెం గొప్పలు చెప్పుకుంటాను, చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. హేమ ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది, చిత్తూరులో బ్యాటరీలు, ఇన్వర్టర్ల షాపు నడుపుతుంది. ఒక పాత స్కూలు వ్యాను కొని, బాడీ కట్టే షెడ్డులో పెట్టించి, ఆరు నెలల్లో దాన్ని ఇల్లుగా మార్చింది. పొడుగునా మంచం, తలుపు పక్కన ఇండక్షన్ స్టవ్, పైన ఏసీ, వెనకాల నా కోసమే అన్నట్టు బాత్రూము. డ్రైవర్ సీటు వెనక అలమరలో బ్యాటరీలు, ఇన్వర్టర్. యాత్రలకు పోయే కుటుంబాలకు బాడుగకు ఇవ్వాలని ఆలోచన, మొదటి ప్రయాణం మాత్రం నాది.

కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ, ప్రతి మోటారు చుట్టూ కంటికి కనిపించని విద్యుదయస్కాంత క్షేత్రం ఒకటి ఉంటుంది. ఇంట్లో సామాన్లు గదికొకటి ఉంటాయి కాబట్టి పట్టించుకోం. ఈ బండిలో అన్నీ మంచానికి చేతికందే దూరంలో ఉంటాయి. అందుకే హేమ బండి పూర్తి కాకముందే నన్ను మా గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి అరగంట కూర్చుని అడిగింది. డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: మామూలు మనుషులకు ఇంట్లో వాడే సామాన్ల వల్ల హాని ఉందని గట్టిగా తేలలేదు, అలాగని పరిశీలన ఆగిపోనూ లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. బలమైన క్షేత్రం మరీ దగ్గరగా ఉంటే ఆ పెట్టె తికమక పడొచ్చు. దూరం జరిగేకొద్దీ దాని బలం గబగబా తగ్గిపోతుంది. వెలుగుతున్న ఇండక్షన్ స్టవ్‌కు రెండు అడుగుల దూరంలో ఉండాలి, ఇన్వర్టర్ పక్కన ఛాతీ పెట్టి పడుకోకూడదు, ఫోన్ కుడి చెవికే పెట్టుకోవాలి. ఇది చదువుతున్న మీకూ అలాంటిది ఉంటే, మిషను రకాన్ని బట్టి మీ డాక్టర్‌ను అడగండి, నా మాట పట్టుకుని బయలుదేరకండి.

ఇంటికి రాగానే హేమ బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే రెండు లావు వైర్లను విప్పి, జడ అల్లినట్టు ఒకదానికొకటి పేనేసింది. అలా పేనితే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుందట. తర్వాత స్టవ్ నుంచి రెండు అడుగులు కొలిచి నేల మీద ఎర్ర టేపు అంటించింది.

"అత్తా, స్టవ్ వెలిగితే మీరు ఈ గీత దాటకూడదు."

"వంట నేను చేయకుండా ఎవరు చేస్తారు?"

"మీరు ఈడ్నుంచే చెప్పండి, మేం చేస్తాం. ఎట్లాగూ చెప్పకుండా ఉండలేరు కదా."

నలభై ఏళ్ళు వంటింటిని ఏలిన మనిషిని గీత వెనక నిలబెట్టింది. కోపం రాలేదంటే అబద్ధం. అయినా నా గుండెకు అంత లెక్కగా హద్దు గీసినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

చంద్రగిరి దగ్గర ఆగి ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకు తిరుపతి చేరాం. మా అబ్బాయి ప్రసాద్ బండి నడిపాడు. దారిలో బండి ఆపకుండా రెండుసార్లు బాత్రూముకు పోయి వచ్చాను. ఆ సుఖం మోకాళ్ళ నొప్పులున్న ప్రతివారికీ అర్థమవుతుంది. అలిపిరి దారిలో ఒక ప్రైవేటు స్థలంలో బండి పెట్టాం. రోజుకు రెండు వందలు, ప్లగ్గు పాయింటు, నీళ్ళు కలిపి. అక్కడ కాపలా ఉండే పెద్దాయన లోపలికి తొంగి చూసి, "ఎవురు చేసినారమ్మా దీన్ని? బెంగళూరులోనా?" అని అడిగాడు.

"చిత్తూరులో, మా కోడలు," అన్నాను. ఆయన అడగకుండానే అలమర తెరిచి జడ వైర్లు కూడా చూపించాను.

ఆ రాత్రి బాత్రూము వైపు తల పెట్టుకుని, అంటే ఇన్వర్టర్‌కు ఆ చివర, ఏసీ వేసుకుని హాయిగా పడుకున్నాను. అది తూర్పు దిక్కు అయింది. దిక్కుల గొడవ అప్పటికి నా మనసులోనే లేదు.

గురువారం పొద్దున ఐదింటికి కొండకు బస్సెక్కాం. బండిని ఘాట్ రోడ్డెక్కించడం ప్రసాద్‌కు ఇష్టం లేదు. తనిఖీ దగ్గర పేస్‌మేకర్ కార్డు చూపిస్తే ఆడమనిషిని పిలిచి చేత్తో తడిమి పంపారు. బస్సులో నా పక్కన కూర్చున్న మదనపల్లె ఆమె నా కార్డు చూసి, "దాన్ని పెట్టుకుని ఇంత దూరం తిరగతా ఉండారా మీరు?" అంది.

"ఇది పెట్టినారు కాబట్టే తిరగతా ఉండా," అన్నాను. ఆమె ఫోన్‌లో వాళ్ళ అన్నయ్య ఫోటో చూపించి, ఆయనకు కూడా అదే ఉందని, మూడు నెలలుగా ఇంట్లో మిక్సీ వేయనివ్వడం లేదని చెప్పి నవ్వింది. పాపం ఆయన్ని చూసి నవ్వాలో, జాలిపడాలో తెలియలేదు. పెద్ద వయసువాళ్ళ క్యూలో దర్శనం చేసుకుని, అన్నప్రసాదం తిని, ఒంటిగంటకల్లా కిందికి దిగిపోయాం.

రెండున్నరకు మళ్ళీ బండి కదిలింది. పుత్తూరు, పిచ్చాటూరు, నాగలాపురం. నాగలాపురంలో ఆగి టీ తాగాం. అక్కడి నుంచి బోర్డుల మీద తమిళం కూడా మొదలవుతుంది. సత్యవేడు దాటి మా చెల్లెలి మామిడి తోపు చేరేసరికి ఐదున్నర. రాజమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నడుము పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో.

"వద్దని చెప్తే యినవు కదా నువ్వు," అంది. తర్వాత ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు ఉన్నామో ప్రసాద్ చెప్పాలి. బండి మాత్రం ఎక్కనంది. దూరంగా నిలబడి, పాముల బుట్టను చూసినట్టు చూసింది.

బోరు మోటారు షెడ్డులో ప్లగ్గు పాయింటు ఉంది. దాని పక్కకే ప్రసాద్ బండిని ముక్కు ముందుగా తోలాడు. అన్నం తిని మంచం మీద పక్క పరుస్తుంటే, మా చెల్లెలి భర్త మునిరత్నం తలుపు దగ్గరికొచ్చి దిక్కులు చూశాడు.

"వదినా, తల యాడ పెడతా ఉండావు? బాత్రూము పక్కా? అది ఉత్తరం గదా. ఉత్తరం పక్క తల పెట్టేది శవానికి. భూమికి అయస్కాంతం ఉండాది. నీ గుండెలో కూడా ఇప్పుడు మిషనుండాది."

నేను చదువుకున్నదాన్నే. ఇవన్నీ పట్టించుకోనని నలుగురిలో అనేదాన్నే. ఆ మాట విన్న తర్వాత మాత్రం ఆ దిండు మీద తల పెట్టలేకపోయాను. దక్షిణం వైపు తిరిగితే ఛాతీ పోయి ఇన్వర్టర్ పక్కన పడుతుంది. బండి తిప్పుదామంటే ఒక పక్క నీళ్ళ కాలవ, ఇంకో పక్క కాపు మీదున్న తోతాపురి మామిడి కొమ్మలు. రాజమ్మ ఏడుపు మొహంతో, "నేను చెప్పలా? మెట్లెక్కించి ఇంట్లోనే పండుకోబెడదాం," అంది. ఆ ఎత్తు మెట్లెక్కడం నా మోకాళ్ళ వల్ల కాదు. ఇక్కడి దాకా వచ్చి రేపు పొద్దున్నే వెనక్కి పోవాలేమోనని దిగులు పట్టుకుంది.

హేమ నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. ఫోనులో దిక్సూచి తెరిచి మునిరత్నం చేతికిచ్చింది.

"చిన్నమామా, దీన్ని అలమర కాడ పెట్టి సూడండి."

ఏసీ తిరుగుతోంది. ఇన్వర్టర్ పెట్టె దగ్గర ముల్లు గిర్రున పక్కకు తిరిగింది. రెండడుగులు వెనక్కి జరిగితే మళ్ళీ ఉత్తరానికి వచ్చి నిలబడింది. మునిరత్నం మూడుసార్లు ముందుకు, వెనక్కి నడిచాడు.

"భూమిది ఎప్పుడూ ఉండేదే మామా, అందరికీ ఒకటే. అత్త జాగర్త పడాల్సింది ఈ పెట్టెతో. ఇప్పుడు సూడండి," అని ప్లగ్గు పీకేసి, ఇన్వర్టర్ ఆపేసింది. ఏసీ నిలిచిపోయింది. ముల్లు పెట్టె పక్కన పెట్టినా కదల్లేదు. "ఇంక ఇది వట్టి పెట్టె. అత్తా, దక్షిణం పక్కే తల పెట్టుకోండి. చిన్న ఫ్యాను బ్యాటరీ మీదే తిరగతాది, అది మీ కాళ్ళ పక్కుండాది. కాకపోతే ఏసీ ఉండదు."

"ఈ ఉక్కలోనా?" అన్నాడు ప్రసాద్.

"నువ్వు పోయి బయట మంచం మీద పండుకో," అంది హేమ.

ఇంటి పెద్దల నమ్మకాన్ని తీసిపారేయలేదు, నా గుండెను దానికి వదిలేయనూ లేదు. నా కోడలు అని చెప్పుకోవడానికి నాకు అంతకంటే ఏం కావాలి? కిటికీలు తెరిస్తే జాలీలోంచి మామిడి పిందెల వాసన వచ్చింది. ఉక్క మాత్రం నిజంగానే ఉక్క. కాసేపటికి బండి మెట్టు మీద అడుగుల చప్పుడు అయింది. రాజమ్మ, చేతిలో విసనకర్రతో. "పెట్టె ఆపినారు కదా," అని హేమను రెండుసార్లు అడిగి, నా పక్కన కూర్చుని విసరడం మొదలుపెట్టింది. నడుం నొప్పి మనిషి నాకు విసరడమేమిటని లాక్కుని నేను విసిరాను. అలా ఒకరి చేతిలోది ఒకరం లాక్కుంటూ నిద్రపోయాం.

శుక్రవారమంతా తోపులో గడిచింది. హేమ వంట చేస్తుంటే నేను గీత వెనక నుంచి ఉప్పు చాలదని చెప్పాను. రాజమ్మ గీతకు అవతలికి ఒకసారి కాలు పెట్టి తీసింది, తర్వాత నిలబడింది, తర్వాత గరిటె లాక్కుంది. శనివారం పొద్దున మేం సర్దుకుంటుంటే చీరల సంచితో వచ్చి బండెక్కింది.

"చిత్తూరుకు వస్తా ఉండా. పది దినాలు ఉంటా. ఆయప్పకు వండుకునేది వచ్చులే," అంది. కూర్చోవడానికి చోటు చూపించేలోపే పోయి అలమర పక్కన కూర్చుంది. "నాది వట్టి గుండేలే అక్కా. పెట్టె పక్కన నేను కూసుంటా, నువ్వు ఆ పక్కకు జరుగు."

తిరుపతిలో పదకొండున్నరకు ఆసుపత్రి. నాకు ఆ నెల చెకప్ ఎలాగూ ఉంది. డాక్టరమ్మ పేస్‌మేకర్ లోపల దాచుకున్న రికార్డు చదివి, ఈ మూడు రాత్రుల్లోనూ గడబిడ ఏమీ కనిపించలేదని చెప్పింది. రాజమ్మ చేతులెత్తి దండం పెట్టింది. హేమ మాత్రం, "మూడు రాత్రులదే కదండీ ఇది. బండి బాడుగకిచ్చినప్పుడు వచ్చేవాళ్ళకు ఏం చెప్పాలి?" అని అడిగింది. మిషను ఉన్నవాళ్ళు ముందు వాళ్ళ డాక్టర్‌ను అడిగి రావాలని చెప్పమంది డాక్టరమ్మ. ఆ మాట తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాలని హేమ అక్కడే తీర్మానించింది. దీనివల్ల బేరాలు పోతాయేమో అన్నాడు ప్రసాద్. పోతే పోనీ అంది హేమ.

మూడింటికి పూతలపట్టు దగ్గర కాఫీ కోసం ఆగాం. హేమ స్టవ్ వెలిగించింది, నేను గీత ఇవతల నిలబడ్డాను. ఈ నాలుగు రోజుల ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నాకు కొండ కంటే, మామిడి తోపు కంటే ముందు ఆ ఎర్ర టేపే గుర్తొస్తుంది. మూడేళ్ళు ఇంటి గడప నాకు గీతగా ఉండేది. దాన్ని చెరిపి, రెండడుగుల్లో ఇంకో గీత గీసి, దీనికి ఇవతల ప్రపంచమంతా మీదే పొండి అంది ఆ పిల్ల.

కాఫీ తాగుతూ నా ఎడమ పక్కన కూర్చుని రాజమ్మ పక్కింటామెకు ఫోన్ చేసింది.

"నువ్వు పంపినావే, దాంట్లో దూరం సంగతే ల్యాదు. ఎంత దూరముండాలో తెలియకుండా ఊరికే భయపెడతారా? మా హేమను అడుగు, బాగా చెప్తాది."

మా హేమ అంది, నా కోడలిని. మాట్లాడుతూ మాట్లాడుతూ రాజమ్మ ఒకసారి నా భుజం వైపు చూసి, ఎవరూ చెప్పకుండానే ఫోన్‌ను అవతలి చెవికి మార్చుకుంది.