ఏరి పారేసిన గింజలు

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో ఒక మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆమె నా రూమ్‌మేట్, హైదరాబాద్ అమ్మాయి. ఇద్దరిదీ ఒకే ల్యాబ్. థీసిస్ అయ్యాక మా ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీకి ఉన్నది ఒక్కటే స్టెల్లె. ఆ ఉద్యోగం మా ఇద్దరిలో ఒకరికే.

మా పని వేరుశెనగ మీద. గింజకు పట్టే బూజు విషాన్ని తయారుచేస్తుంది. బూజులో ఆ విషాన్ని చేయించే జన్యువు నోరు మొక్కే నొక్కేసేలా, మొక్క జన్యువుల్లో చిన్న మార్పు చేస్తారు. మార్చిన మొక్కల్నీ మామూలు మొక్కల్నీ బూజు కలిపిన మట్టిలో పెంచి, కాయలు ఒలిచి, గింజల్ని పొడి చేసి విషం కొలవాలి. సగం కుండీలు నావి, సగం ఆమెవి.

నాది అనంతపురం. శెనక్కాయ చేలల్లో పెరిగినదాన్ని. ఆమె మొదటిరోజు గ్రీన్‌హౌస్‌లో కొమ్మలు పైకెత్తి చూసింది.

"పల్లీలు ఏడున్నయే? ఇంకా కాయలేదా?"

"భూమిలో ఉంటాయి తల్లీ," అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. స్టెల్లె నాదే అనుకున్నాను.

కానీ ప్రొఫెసర్ ఆగేది ఆమె బల్ల దగ్గరే. ఇద్దరూ జర్మన్‌లో ఏదో అనుకుని నవ్వుకుంటే నేను గ్లవ్స్ విసిరేసి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఆఖరికి వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కూడా ఆమెకే ముందు దొరికింది. ఏం చూసి మురిసిపోతారో అందరూ!

ఫలితాలొచ్చాయి. ఆమె మామూలు గింజల్లో విషం నిండా ఉంది, మార్చినవాటిలో దాదాపు లేదు. నావాటిలో? రెండింట్లోనూ లేదు. తేడానే కనబడకపోతే మార్పు పనిచేసిందని ఏ మొహంతో చెప్పను?

మిగిలిన కాయలు ఒలుస్తుంటే ప్రొఫెసర్ వచ్చి పక్కన నిలబడ్డారు. నల్లబడినవీ ముడుచుకుపోయినవీ నా చెయ్యి తనపాటికి తాను ఏరి చెత్తబుట్టలో వేస్తోంది.

"అవెందుకు పారేస్తున్నావు?" అని అడిగారు.

"చెడిపోయాయి కదా," అన్నాను. అంటుండగానే నాకు అర్థమైంది. విషం ఉండేదే వాటిలో. ఇంట్లో చట్నీకి ఏరినట్టు ఏరేసి, దేనికోసం ఆ మొక్కల్ని పెంచానో దాన్నే పారబోశాను. ఏరడం తెలియని ఆమె అన్నీ కలిపి పొడి చేసింది.

స్టెల్లె ఆమెకే వచ్చింది. ఆ సాయంత్రం దోసెలు పోస్తానంటూ ఇండియన్ షాపు పల్లీల ప్యాకెట్ చింపి, ఉన్నవి ఉన్నట్టు బాణలిలో వేయబోయింది. ఆగి నా వైపు చూసింది.

"ఏరాల్నా?"

"యాల? ఏరకపోతేనే కదా నీకు కలిసొచ్చేది."

ఆమె పళ్ళెంలో పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. మంచివి తీసేస్తూ, చేదువి ఉంచేస్తూ. చూడలేక పళ్ళెం లాక్కున్నాను.

"నువ్వు ఏరితే ఒక్కటి గూడ చేదు తగలదే," అంది.

ఆ మాట కూడా ఆమె నోటినుంచే రావాలా? కుళ్ళుకుంటూనే చివరి గింజ దాకా ఏరాను. ఒక్క చెడ్డదీ మిగల్లేదు.