ముప్పయ్యో పేరు

ఆమెను కార్ఖానాలో అందరూ గీతలమ్మ అనేవారు. పింగాణీ కప్పులకూ పళ్లాలకూ అంచున సన్నని నీలి గీత వెయ్యడం ఆమె పని. తిరిగే పీట మీద కప్పు పెట్టి, ఎడంచేత్తో పీట తిప్పుతూ, కుడిచేతిలో కుంచెను కదలకుండా పట్టుకోవాలి. తిరగడం కప్పు వంతు, వణక్కుండా ఉండటం చేతి వంతు. పంతొమ్మిదేళ్లుగా అదే పని చేస్తోంది. గీత చుట్టూ తిరిగొచ్చి కలిసిన చోట అతుకు ఎక్కడుందో సూపర్‌వైజర్ భూతద్దం పెట్టి వెతికినా దొరికేది కాదు.

విడ్డూరం ఏమిటంటే, అంత నిలకడైన చెయ్యి ఉన్న మనిషికి గుండె మాత్రం పిట్టగుండె. పోస్టుమాన్ తలుపు తడితే ఉలిక్కిపడేది. బస్సులో టిక్కెట్టు చేతిలోనే ఉన్నా తనిఖీవాళ్లు ఎక్కారంటే నోరు పిడచకట్టుకుపోయేది. "తప్పు చెయ్యకుండానే సగం శిక్ష అనుభవించేస్తావు నువ్వు," అని భర్త నవ్వేవాడు. ఆయనకు వీధి మలుపులో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఒక్కతే కూతురు, హైస్కూల్లో చదువుతోంది.

అలాంటి మనిషి సంఘంలో ఎలా చేరిందయ్యా అంటే, అదీ భయంతోనే.

ఆ ఏడాది ఎండాకాలంలో రెండో బట్టీ తలుపు ఊడి ఒక పనివాడి మీద పడింది. మెడా భుజమూ కాలిపోయాయి. తలుపు బందు సడలిందని మూడు వారాలుగా మొత్తుకుంటున్నా ఎవరూ పట్టించుకోలేదు. కార్ఖానాలో సంఘం లేకపోలేదు. కాకపోతే దాని అధ్యక్షుడి గది మేనేజరు గది పక్కనే ఉండేది, ఇద్దరికీ టీ ఒకే పళ్లెంలో వచ్చేది. ఆయన వచ్చి, అటూ ఇటూ చూసి, ఇది పనివాడి అజాగ్రత్తేనని రాసిచ్చి వెళ్లిపోయాడు. బట్టీ మేస్త్రికి కడుపు రగిలిపోయింది. ఆయన నెమ్మదస్తుడు, పెద్దగా గొంతెత్తే రకం కాదు. "మన మాట మాట్లాడే సంఘం మనమే పెట్టుకుందాం," అన్నాడు. నమోదు దరఖాస్తు మీద చట్టం అడిగేది ముప్పై సంతకాలు. పది రోజుల్లో ఇరవై తొమ్మిది అయ్యాయి.

గీతలమ్మ ఆ మధ్యాహ్నం కప్పులు చుట్టే కాగితాల కోసం సామాను గదిలోకి వెళ్లింది. లోపల గడ్డిమోపుల మధ్య మేస్త్రీ, ఇంకో ఏడెనిమిది మందీ నిలబడి ఉన్నారు.

"రా చెల్లెమ్మా, నీ కోసమే చూస్తున్నాం," అన్నాడు మేస్త్రి.

"నా కోసమా? నేనేం చేశానన్నా?"

"ఇంకా ఏమీ చెయ్యలేదు. అదే చిక్కు."

అందరూ నవ్వారు. కాగితం ఆమె ముందుకొచ్చింది. చదివింది. వద్దందామనుకుంది. కానీ అన్ని కళ్లు తన మీదే ఉండగా వద్దనాలంటే ఎంత ధైర్యం కావాలి! అంత ధైర్యం ఆమె దగ్గర లేదు. సంతకం పెట్టేసింది. ఇంటికెళ్లి భర్తకు చెప్పి, చెప్పినందుకు మళ్లీ భయపడి, కూతురికి మాత్రం చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

నెల తిరక్కుండానే సర్కారు నుంచి జవాబొచ్చింది. సంఘం నమోదు చెయ్యమట. సంతకాలన్నీ దొంగవట, తన పేరు తప్ప తక్కిన ఇరవై తొమ్మిదీ మేస్త్రే కల్పించాడట. మర్నాడు పొద్దున బట్టీ ముందు పని చేస్తుండగానే పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకుపోయారు. చేతికున్న మందపాటి తొడుగులు విప్పుకోనివ్వలేదు. ఆ తొడుగులతోనే, రెండు చేతులూ ముందుకు చాపుకొని, ఆయన గేటు దాటడం గీతలమ్మ కిటికీలోంచి చూసింది. పీట మీద కప్పు తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఒక్కొక్కరినీ మేనేజరు గదికి పిలవడం మొదలుపెట్టారు. ఆమె వంతు నాలుగో రోజు వచ్చింది. బల్ల మీద టైపు చేసిన కాగితం: దరఖాస్తులో ఉన్న సంతకం నాది కాదు, నాకేమీ తెలియదు. కింద ఖాళీ.

"మీ అమ్మాయి ఏ స్కూలు?" అని అడిగాడు మేనేజరు, ఎంతో ఆప్యాయంగా.

ఆ ఒక్క ప్రశ్నకే ఆమె నీరుగారిపోయింది. కలం తీసుకుని గబగబా సంతకం పెట్టేసింది. మేనేజరు దాన్ని దరఖాస్తు పక్కన పెట్టి చూసి నొసలు చిట్లించాడు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. "కాస్త వేరేగా పెట్టమ్మా," అని ఇంకో కాగితం ఇచ్చాడు. ఆమె వేరేగా పెట్టింది. తన పేరును తనే వంకరటింకరగా రాసుకున్న ఆ క్షణం తర్వాత చాలాకాలం ఆమెకు అన్నం సయించలేదు.

చెయ్యి వణకడం అప్పుడే మొదలైంది. కుంచె అంచుకు ఆనగానే నీలి గీత అలలు అలలుగా పోయేది. "ఏమైంది నీకు?" అని సూపర్‌వైజర్ కసిరాడు. ఒంట్లో బాగాలేదంది. మేస్త్రి ఇల్లు వాళ్లింటికి రెండు వీధుల అవతల. ఆయన భార్య ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆమె ఎదురుపడుతుందేమోనని గీతలమ్మ బస్టాపుకు చుట్టుతిరిగి వెళ్లేది. దూరంగా ఆమె చీర రంగు కనబడినా చాలు, పక్క సందులోకి తప్పుకునేది.

కానీ ఆ ఆయమ్మ ఊరికే ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. దరఖాస్తు నకలు ఒకటి ఇంట్లో పెట్టెలో ఉంది. పళ్లెం వెనక ముద్రించిన, సరుకు కొనే దుకాణంవాళ్ల దేశం పేరు చూసి, తెలిసిన నర్సు చేత ఉత్తరం రాయించి, నకలుతో సహా ఆ దేశంలోని పింగాణీ కార్మికుల సంఘానికి పంపింది. చేరుతుందన్న ఆశ పెద్దగా లేదు.

చేరింది. రెండు నెలలకు కార్డులు రావడం మొదలైంది. మేనేజరుకు, మంత్రికి, జైలు అధికారికి. ముందు పదులు, తర్వాత సంచులు. బట్టీ మేస్త్రిని వదలండి, సంఘం పెట్టుకోవడం నేరం కాదు, అని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. కంపెనీ సంఘం అధ్యక్షుడు అందరినీ వరసగా నిలబెట్టి, "మన కూటిలో మన్ను కొట్టడానికి పైదేశాలకు చాడీలు మోసింది ఎవరో మాకు తెలుసు. ముప్పై పేర్లూ మా దగ్గరున్నాయి," అన్నాడు. గీతలమ్మ వరసలో ముందువాడి వెనక్కి జరిగింది. ఆ కార్డులు రాసేవాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ వాళ్లు అక్కడున్నారు, తనేమో ఇక్కడుంది. దయచేసి ఆపెయ్యండమ్మా అని వాళ్లకు రాయాలనిపించింది. ఎవరికని రాస్తుంది?

చివరికి సరుకు కొనే పెద్ద దుకాణంవాళ్ల మీదే అక్కడి పనివాళ్లు ఒత్తిడి తెచ్చారు. నిజమేమిటో చూసి రండని ఆ దుకాణం మనిషినొకణ్ని, అతనితో పింగాణీ సంఘం మనిషినొకరిని పంపారు. వాళ్లతో మాట్లాడటానికి మేనేజరు అయిదుగురిని ఎంచాడు. అందులో గీతలమ్మ ఒకతె. నోట్లో నాలుక లేని మనిషని పేరు కదా, పైగా ఆమె కాదన్న కాగితం మేనేజరు చేతిలో ఉంది. రెండు రోజులు తర్ఫీదు ఇచ్చారు. సంఘం ఉందా? ఉంది. ఇబ్బందులున్నాయా? లేవు. నవ్వుతూ చెప్పాలి.

వచ్చిన సంఘం మనిషి ఆడమనిషి. ఇంచుమించు గీతలమ్మ ఈడే, నెరిసిన పొట్టి జుట్టు. రంగుల గదిలోకి రాగానే తిరుగుడు పీట దగ్గర ఆగిపోయింది. కూర్చోవచ్చా అని సైగచేసి, కూర్చుని, కుంచె అందుకుని, ఊపిరి బిగబట్టి ఒక కప్పుకు గీత వేసింది. శుభ్రమైన గీత. లేచి తన నడిమివేలు చూపించింది. కుంచె ఆనే చోట కాయకాచి ఉంది. గీతలమ్మ వేలికీ సరిగ్గా అక్కడే ఉంది అది.

తర్వాత మేనేజరు గది. అయిదుగురూ ఒకవైపు, వచ్చినవాళ్లు ఒకవైపు, మధ్యలో కంపెనీ పెట్టిన దుబాసీ. ప్రశ్నలన్నీ అనుకున్నట్టే సాగాయి. ఉంది, లేవు, బాగానే ఉన్నాం. అందరూ నవ్వారు. అప్పుడా సంఘం ఆవిడ సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. దరఖాస్తు నకలు. ఏదో అడిగింది.

"ఇవన్నీ దొంగ సంతకాలని చెప్పు," అన్నాడు మేనేజరు దుబాసీతో.

దుబాసీ చెప్పాడు. ఆమె తలూపింది గానీ కాగితం మడవలేదు. దాన్ని ఒక్కొక్కరి ముందుకూ జరుపుతూ వచ్చింది. మొదటివాడు తల అడ్డంగా ఊపాడు. రెండోవాడూ అంతే. మూడు, నాలుగు. కాగితం గీతలమ్మ ముందుకొచ్చింది.

అన్నిటికన్నా పైన మేస్త్రి పేరు. అడుగున తన పేరు, తిన్నగా, పొందికగా, తను రోజూ రాసుకునే తీరులో. మేనేజరు దగ్గడం వినిపించింది. కూతురి స్కూలు గుర్తొచ్చింది, చేతులకు తొడుగులతో గేటు దాటిన మనిషి గుర్తొచ్చాడు. ఆ తర్వాత ఎందుకలా చేశావని ఎంతమంది అడిగినా ఆమె సరిగ్గా చెప్పలేకపోయింది. వేలు కాగితం మీదికి వెళ్లింది. వణుకుతూనే వెళ్లి, ముప్పయ్యో పేరు మీద ఆనింది.

"ఇది నాది," అంది. "నేనే పెట్టాను. మేస్త్రన్న దొంగ సంతకాలు చెయ్యలేదు."

దుబాసీ ఆ మాట చెప్పకుండా మేనేజరు వంక చూశాడు. సంఘం ఆవిడకు మాటలు అర్థం కాకపోయినా వేలు అర్థమైంది. తెల్ల కాగితమూ కలమూ ఇచ్చింది. గీతలమ్మ మళ్లీ సంతకం పెట్టింది. చెయ్యి ఎంత వణికినా అది అదే సంతకమని ఎవరికైనా తెలుస్తుంది.

మర్నాడు పోలీసు జీపు ఆమె కోసం వచ్చింది. స్టేషన్లో బల్లకు అవతల అధికారి, ఇవతల స్టూలు మీద ఆమె. మూడు కాగితాలు వరసగా పెట్టాడు, మూడోది నిన్నటి సంతకానికి మేనేజరు తీయించిన నకలు.

"ఏది నిజం, ఏది అబద్ధం?"

"మూడూ నేనే పెట్టానండి. మొదటిది మొహమాటంతో. రెండోది భయంతో."

"మరి మూడోది?"

"అదీ భయంతోనేనండి. కాకపోతే అది నిజం."

అతను ఏదో అనబోయాడు, ఫోను మోగింది. పెట్టేశాక మళ్లీ మోగింది. మోగిన ప్రతిసారీ ఆమె పైప్రాణాలు పైనే పోయాయి, తనను ఎక్కడికో పంపించెయ్యమంటున్నారనుకుంది. నిజానికి ఆ సంఘం ఆవిడ ఊరు వదలకుండా బసలో కూర్చుని తెలిసినవాళ్లందరినీ ఫోనులో కదిలిస్తోంది. నాలుగు దేశాల సంఘాలు అధికారులకు ఫోన్లు చేస్తున్నాయి. అవతలి రేవులో కూలీలు పళ్లాల పెట్టెలను దించకుండా ఓడలోనే ఉంచేశారు. ఇదంతా ఆమెకు చాలా రోజుల తర్వాత తెలిసింది. సాయంత్రానికి అధికారి విసిగిపోయి ఫోను పక్కన పెట్టి అడిగాడు.

"అక్కడ నీకు చుట్టాలెవరైనా ఉన్నారా?"

"లేరండి."

"మరి వీళ్లందరికీ నువ్వేమవుతావు?"

పొమ్మన్నాడు. బయట మెట్ల మీద భర్తా కూతురూ కూర్చుని ఉన్నారు. కూతురికి అప్పటికి అంతా తెలిసిపోయింది. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆమెను గీతల పని నుంచి తీసేసి సరుకు పెట్టెల్లో గడ్డి పరిచే చోట పడేశారు. మొదట్లో ఎవరూ పలకరించలేదు. పదిరోజులకు రంగుల గదిలో పనిచేసే ఒక పిల్ల వచ్చి, తన సంతకమూ నిజమేనని ఒప్పుకుంటానంది. తర్వాత ఇద్దరు. నెలాఖరుకు పదకొండు మంది. అంతమంది మావేనంటుంటే దొంగ సంతకాల కేసు ఎలా నిలుస్తుంది? ఎనిమిది నెలలు జైల్లో ఉండి మేస్త్రి ఇంటికొచ్చాడు. ఆ పై ఏడాది సంఘం నమోదైంది. గీతలమ్మ చెయ్యి మాత్రం మళ్లీ కుదురుకోలేదు, ఆమె గీతల పీట ముందు కూర్చోనూ లేదు.

మేస్త్రి విడుదలైన రెండో రోజు భర్తను వెంటబెట్టుకుని ఆయనింటికి వెళ్లింది. స్టేషనుకు వెళ్లేటప్పటికన్నా ఎక్కువ భయమేసింది. తలుపు ఆయన భార్యే తీసింది. గడపలోనే నిలబడి, లోపలున్న ఆయనకు వినబడేలా, గీతలమ్మ గడగడా చెప్పేసింది.

"అన్నా, నాది కాదని నేనూ రాసిచ్చాను. నీకు తెలియాలి."

మేస్త్రి చిక్కి సగమయ్యాడు. అయినా నవ్వాడు. "తెలుసు చెల్లెమ్మా. ఇరవై తొమ్మిది కాగితాలూ జైల్లో నాకు చూపించారు. మా బావమరిది రాసిచ్చింది అన్నిటికన్నా పైనుంది."

భార్య నవ్వలేదు. గీతలమ్మను తేరిపార చూసింది.

"నువ్వు రాసిచ్చినందుకు నాకు కోపం లేదు," అంది. "నన్ను చూసి సందులోకి తప్పుకునేదానివి చూడు, అందుకే ఏడ్చాను."

"భయమేసింది వదినా."

"నాకు మాత్రం వెయ్యలేదా?"

ఆవిడ పక్కకు జరిగి, "లోపలికి రా, నిలబడే మాట్లాడతావా," అంది.