గుణానికి మార్కులు వేసిన చెయ్యి

కాలేజీ జట్టుకి ఫిజియోగా పనిచేసిన నాలుగేళ్లలో నేను సరిచేసిన ముక్కులకి లెక్కలేదు. ఇక్కడి ఐరిష్ వాళ్ల ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు, భుజంతో ఎదుటివాణ్ణి గుద్ది పడెయ్యొచ్చు. కనుబొమ చిట్లి కంట్లోకి నెత్తురు కారుతున్నా మోచేత్తో తుడుచుకుని మళ్లీ పరిగెత్తే కుర్రాళ్లు వాళ్లు. నిజం చెప్పాలంటే నాకది నచ్చేది. వారమంతా కిల్కెన్నీ క్లినిక్‌లో ముసలివాళ్ల మోకాళ్లు వంచి వంచి, శనివారం పొద్దున ఆ బురదలోకి దిగితే నా ఒంట్లోనూ ఏదో లేచి కూర్చునేది. ముక్కు మీద కోపమని మా ఇంట్లో నాకు ఎప్పటినుంచో పేరు.

కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు కోచ్ నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయన పాడి రైతు. సంతలో ఆవుని చూసినట్టే కుర్రాళ్లనీ కాస్త దూరం నుంచి, మాట్లాడకుండా చూస్తాడు. బంతి పోగొట్టుకున్నాక తల పట్టుకునేదెవరు, వెనక్కి పరిగెత్తేదెవరు, అదే ఆయనకి కావాలి. "ఆట నేను చూసుకుంటాను. నొప్పి పుట్టినప్పుడు ఎవడెలాంటివాడో నువ్వు చూడు" అనేవాడు. ఆట నేర్పొచ్చు గానీ మనిషిని మార్చలేమని ఆయన నమ్మకం. అందుకని ఒక్కో పేరు పక్కన గుణానికీ శ్రమకీ కలిపి నేను పదికి మార్కులు వేసేదాన్ని. ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నవాడికి సున్నా. ఆ నియమం పెట్టింది కూడా నేనే.

పోయిన ఏడాది జట్టు కోటాలో ఫీజు లేకుండా చదువుకునే సీటు ఒక్కటే మిగిలింది. దానికి ఇద్దరు పోటీ. ఒకడు పొడుగువాడు, ముభావి. కట్టు కడితే థాంక్స్ అనడు సరికదా, బిగించి కట్టానని ఒకసారి బూతు కూడా తిట్టాడు. రెండోవాడు నీటుగా ఉండేవాడు. అందరికంటే ముందొచ్చేవాడు, మైదానంలో గుర్తుకి పెట్టిన కోన్లు ఏరేవాడు, తువ్వాళ్లు మడతపెట్టేవాడు, నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవాడు. పెద్దవాళ్లని చూసి లేచి నిలబడే పిల్లాడికి కరిగిపోని తెలుగు ఆడది ఎక్కడుంది? వాడికి తొమ్మిది వేశాను. పొడుగువాడికి నాలుగు.

ఆఖరి ఎంపిక మ్యాచ్ రోజు వాన. బంతి కోసం ఎగిరి ఇద్దరూ కలిసి కింద పడ్డారు. పొడుగువాడి అరచెయ్యి బురద మీద పరుచుకుని ఉంది. నీటుగాడు ముందు లేచాడు. రిఫరీ అటు తిరిగాడో లేదో చూసుకున్నాడు. బూటు ఎత్తి మడమ ఆ వేళ్ల మీద దించి, ఒక్క మెలి తిప్పాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఎండు పుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. మరుక్షణం వాడే మోకాళ్ల మీద కూర్చుని, పొడుగువాడి భుజం చుట్టూ చెయ్యివేసి, సాయానికి రమ్మని నన్ను కేకేశాడు. అవతలి గట్టు మీద కోచ్ ఆ కేకే విన్నాడు, మెచ్చుకోలుగా తలాడించాడు.

రెండు వేళ్లు పక్కకి తిరిగిపోయాయి. పొడుగువాడు జెర్సీ అంచు పళ్లతో కొరుకుతుంటే చెక్కబద్ద పెట్టి కట్టి, కారెక్కించి ఆసుపత్రికి పంపాను. నా గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు నీటుగాడు పొడుగువాడి సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పాపం, ఈ ఏడాదికి ఇక ఆడలేడంటారా?" అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోసే రకమని అప్పుడు తెలిసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. చెంప మీద కొట్టాను. మందలింపుగా కాదు, భుజం నుంచి చెయ్యి తిప్పి కొట్టాను. పెదవి పంటికి తగిలి చిట్లింది. రెండో దెబ్బకి చెయ్యి లేపాను కూడా. వాడు పెదవి తుడుచుకుని, వేలికంటిన నెత్తురు చూసి నవ్వాడు.

"మీరేం చూడలేదు. నాకేం జరగలేదు. గ్రాండ్, సరేనా?" అని, తలుపు మెల్లగా వేసి వెళ్లాడు.

కారులో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఒక్క దెబ్బేగా! వాడే నోరు మూసుకుంటానంటుంటే నీకేం పొయ్యేకాలం?" అన్నాడు. "పేషెంట్లని ముట్టుకునే ఉద్యోగం నీది. కుర్రోణ్ణి కొట్టావని పోలీసుల దాకా పోతే నీ ఫిజియో రిజిస్ట్రేషన్ పోద్ది. నాకేమో పన్లేదు, ఇంటి రెంటు నీ జీతమ్మీదే నడుస్తంది."

"మరి ఆ పిల్లాడి వేళ్లండీ?"

"వేళ్లు అతుక్కుంటయ్."

"సీటో?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, భయమేసింది. అరచెయ్యి ఇంకా చురచురలాడుతూనే ఉంది.

మూడు గంటలకి కోచ్ కాగితాలు ముందేసుకున్నాడు. "ఒకడి వేళ్లు విరిగాయి. రెండోవాడికి నువ్వే తొమ్మిది వేశావు. ఇక ఆలోచించేదేముంది?" అన్నాడు.

నేను చూసింది చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను. ఆయన నీటుగాణ్ణి పిలిపించి అడిగాడు. తొక్కడం అబద్ధమన్నాడు వాడు. చెంపదెబ్బ మాత్రం నిజమని పెదవి చూపించాడు.

వాడు వెళ్లాక కోచ్ అన్నాడు: "నువ్వు అబద్ధమాడేదానివైతే ఆ దెబ్బ సంగతి దాచేదానివి." వాడి పేరు కొట్టేశాడు. సీటు పొడుగువాడికి రాశాడు. "నీ సంగతి కాలేజీకి నేనే రాయాలి. తెలుసుగా?"

తెలుసన్నాను. ఆ వారంలోనే జట్టు పని పోయింది. నా రిజిస్ట్రేషన్ మీద విచారణ ఇంకా నడుస్తోంది. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ మా ఆయనే విప్పుతాడు, నాకు ధైర్యం చాలదు.

సామాను తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు పొడుగువాడు గది బయట నిలబడి ఉన్నాడు, చేతికి పిండికట్టుతో. నన్ను చూసి తల దించుకున్నాడు.

"నా కోసం కొట్టారట కదా. థాంక్స్" అన్నాడు.

ఆ మాట పుచ్చుకుని ఊరుకుంటే సరిపోయేది. ఎంత హాయిగా ఉండేదో.

"నీ కోసం కాదు" అన్నాను. "వాడు నన్ను వెర్రిదాన్ని చేశాడని కొట్టాను. చెయ్యి లేచినప్పుడు నీ వేళ్లు నాకు గుర్తే లేవు."