పేరు పక్కన నక్షత్రం

మేడ మీది గదిని ప్రయాణికులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఆవిడకు, పరిచిన దుప్పటిని చేత్తో మళ్లీ మళ్లీ నిమిరితే గాని తృప్తి ఉండదు. అలా సంపాదించిందే ఫోన్‌లోని గదుల బుకింగ్ యాప్‌లో ఆవిడ పేరు పక్కనున్న నక్షత్రం. బుకింగ్ తనే రద్దు చేస్తే అది ఊడిపోతుంది. ఊడిపోతే ఇక ఆ మెట్లెక్కేవాళ్లే ఉండరని ఆవిడ బెంగ. అందుకే జబ్బు ఊళ్లను కమ్మేశాక, గడియ తీయడానికే హడలిపోతూ కూడా, "ఆరోగ్యం జాగ్రత్తండీ, ఈ రోజుల్లో ప్రయాణమంటే మాటలా" అని అందరికీ తియ్యగా రాసి, వాళ్లే మానుకునేదాకా కాచుకుంది. అందరూ మానుకున్నారు. ఏటా వచ్చే పెద్దాయన నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఒక మధ్యాహ్నం ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న పోయారండీ. ఆయన ఫోన్ మాకు తెరుచుకోవట్లేదు. ఆ గది మీరే రద్దు చేసేయండి." "అయ్యో, ఎంత పనైందమ్మా," అంటూ ఆవిడ మెట్ల మీదే కూలబడింది. కళ్లు తుడుచుకుంది. ఆ తడి చేత్తోనే ఫోన్ సర్దుకుని, "మీ వైపు నుంచి ఎలాగైనా కుదరదా, తల్లీ?" అంది. అవతల కూతురు ఫోన్ పెట్టేసింది. ఆయన రావలసిన రోజు రానే వచ్చింది. ఆవిడ అలవాటుగా పక్క పరిచింది. సాయంత్రం ఫోన్ అడిగింది: "మీ అతిథి వచ్చారా?" నక్షత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఏ జవాబూ నొక్కలేక, ఆవిడ ఎవరూ నలపని దుప్పటిని మళ్లీ నిమరసాగింది.