మా తోడల్లుడి ట్రెయిలర్లు

మా తోడల్లుడు పోయారని గురువారం పొద్దున వదిన ఫోన్ చేసింది. మా ఆవిడ తన అక్క మొగుడి కోసం ఏడ్చిన తీరు చూసి, నేను పోతే ఇంతలా ఏడుస్తుందా అనిపించింది. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదు. కానీ పదేళ్లు ఆయన్ని చూసి కుళ్లుకున్నాను. ఇంకోలా రాస్తే అబద్ధమవుతుంది.

డెబ్భైల చివర అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో మా రెండు కుటుంబాలూ రెండు వీధుల ఎడంలో ఇళ్లు కొనుక్కున్నాం. వారమంతా ఉద్యోగాలు, శని ఆదివారాలు పాత ట్రావెల్ ట్రెయిలర్లు. కారు వెనక తగిలించుకుని తిరిగే ఆ చిన్న ఇళ్లను చవగ్గా కొని, బాగుచేసి, పేపర్లో యాడ్ ఇచ్చి అమ్మేవాళ్లం. మొదలుపెట్టింది ఆయన. చూసి ఓర్వలేక నేనూ దిగాను.

ఆయన ట్రెయిలర్ పైకప్పు మీద హోస్‌తో నీళ్లు పెట్టించి, తను లోపల టార్చి పట్టుకుని కూర్చునేవారు. ఎక్కడ చుక్క పడితే అక్కడ సుద్దతో గీత. అన్నీ సీల్ చేశాక కూడా ఆ గీతలు తుడిచేవారు కాదు. కొనడానికి వచ్చినవాళ్లకి ముందు అవే చూపించేవారు. "లోపం మనమే చెప్పేయాలి తమ్ముడూ. మంచేదో వాళ్లే వెతుక్కుంటారు" అనేవారు.

బేరం కుదిరాక వదిన ఆ ట్రెయిలర్ స్టవ్ మీదే పాలు పొంగించేది. ఇల్లన్నాక గృహప్రవేశం ఉండాలిగా. అమెరికన్లు నోరెళ్లబెట్టి చూసి, ఆ పాలతో కాఫీ తాగి, తమ స్నేహితుల్ని పంపేవారు. "బావగారి చెయ్యి పడితే చాలు" అని మా ఆవిడ మురిసిపోయేది. ఆ మాట నా గురించి ఒక్కసారి అంటే చాలనుకునేవాణ్ణి.

ఒక వేసవిలో, ఆయనకంటే ముందు అమ్మాలన్న తొందరలో, నీళ్లకి కుళ్లిన చెక్క ఫ్లోర్ మీద కొత్త లినోలియం షీటు అంటించేశాను. కొనడానికి వచ్చిన దంపతుల ముందు నేనూ పాలు పొంగించాను. అవి కిందికి కారాయి. తుడుద్దామని పాపం ఆ వచ్చినావిడ మోకాలు ఆనించింది. మోకాలు ఫ్లోర్‌లోకి దిగిపోయింది.

ఆ సాయంత్రమే మా తోడల్లుడు ఆ ట్రెయిలర్‌ని తన ఇంటి ముందు డ్రైవ్‌వేకి లాక్కెళ్లారు. మూడు వారాలు, శని ఆదివారాలు కూర్చుని, ఫ్లోరంతా పీకి కొత్త ప్లైవుడ్ వేశారు. నేను పక్కనే మడత కుర్చీలో మొహం మాడ్చుకుని కూర్చున్నాను. "ఇంట్లో ఇదంతా నువ్వే చేశావని చెప్పుకో" అన్నారు. థాంక్స్ అనడానికి కూడా మనసొప్పలేదు. ఇంటికొచ్చి అలాగే చెప్పాను. "బావగారు పక్కనుండి చెప్పుంటార్లే" అంది మా ఆవిడ. ఆ దంపతులే మళ్లీ వచ్చి దాన్ని కొనుక్కున్నారు.

మొన్న ఫ్యూనరల్ హోమ్‌కి వాళ్లిద్దరూ వచ్చారు. భర్త మా ఆవిడతో, "ఆ ఫ్లోర్ ఇప్పటికీ కదల్లేదు. మీ బావగారు కనిపించినప్పుడల్లా చెప్పేవారు, తనకన్నా మీవారి పనే గట్టిదని" అన్నాడు.

మా ఆవిడ నావైపు చూసింది. పదేళ్లుగా నేను కోరుకున్న చూపు. అదీ ఆయన ఇచ్చి పోయిందే. ఆ ఫ్లోర్ నేను వేయలేదని అప్పుడే చెప్పాల్సింది. ఇది అచ్చయ్యాకే ఆవిడకి తెలుస్తుంది.

ఆ రోజు మాత్రం ఆవిడ, నలుగురూ చూస్తుండగా, నా చెయ్యి పట్టుకుని పార్కింగ్ లాట్ చివరున్న మా కారు దాకా నడిచింది. నేను విడిపించుకోలేదు.