మడత పడని పుస్తకాలు

నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. నిరుడు స్కూల్లో లైబ్రరీ పెడతామంటే, వారం రోజులు ఉప్పల్ షాపుల్లో కూర్చుని ప్రతి పుస్తకమూ చదివి మరీ ఎంచాను. మూడో తరగతికి స్నేహం కథలు, ఏడో తరగతికి అడవులు, గుహలు, సాహసాలు.

ప్రారంభోత్సవం రోజున పుస్తకాలు పట్టించి పిల్లల్ని గంటసేపు ఎండలో నిలబెట్టాం. ముఖ్య అతిథి వచ్చారు, ఫోటోలు దిగారు, వెళ్లిపోయారు. వెంటనే ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు.

"అన్నీ వాపస్ తీస్కొని బీరువాల పెట్టి తాళమెయ్యండి మేడం. పిల్లలకిస్తే ఖరాబ్ చేస్తరు. రేపు ఎవరన్న ఇన్‌స్పెక్షన్‌కొస్తే ఏం సూపిస్తం?"

ఒళ్లు మండింది. అయినా ఒక్కొక్కరి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. ఏడో తరగతి స్వప్న మాత్రం పేజీల మధ్య వేలు పెట్టుకుని వదల్లేదు. ఎండలో నిలబడే సగం చదివేసింది.

"మేడం, గుహల ఇరుక్కున్న దోస్తు బయటికొస్తదా? గదొక్కటి చెప్పి తీస్కోండ్రి."

"వస్తుంది" అని, ఆ వేలు తప్పించి పుస్తకం తీసుకున్నాను.

ఏడాదైనా ఒక్క పేజీ మడత పడలేదని ప్రిన్సిపాల్ మీటింగుల్లో నన్ను మెచ్చుకుంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ బీరువా తాళంచెవి పట్టుకున్న చెయ్యి చూసుకుంటే నాకే అసహ్యం వేస్తుంది.