గడియారం ఇంట్లో పనిగంటలు

బట్టలుతికే గది దగ్గర కమిటీ పెద్దాయన మీద గడియారం నెగ్గిన తగాదాని మేడంతా చూసింది. అందరికంటే ముందు వరసలో నిలబడి చూసింది కింది వాటా పిన్ని.

గడియారం అన్నది ఆమెకు మేడవాళ్ళు పెట్టిన పేరు. చేతికి వాచీ ఉండదు గానీ, టైమెంతని అడిగితే నిమిషాలతో సహా చెబుతుంది. పెద్దాసుపత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతోంది. సాయంత్రాలు అదే మేడలో పై అంతస్తుల ఇళ్ళలో అంట్లూ, బట్టలూ. ఆ మేడలో మూడో అంతస్తు దాకా నల్లవాళ్ళుంటారు, ఆ పైన తెల్లవాళ్ళు. అలా ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు. నీళ్ళు పల్లానికి చేరినట్టు ఎవరి చోటికి వాళ్ళు చేరారు, అంతే.

మేడకంతా కలిపి బట్టల మిషన్లు రెండే. కింది అంతస్తుల వాళ్ళకి ఇకమీదట వారానికి ఒక్క పూటేనని పెద్దాయన గోడకి కాగితం అంటించాడు.

"మీవాళ్ళు గంటల తరబడి మిషన్లు వదలటం లేదమ్మా. నేను నెల్లాళ్ళు కనిపెట్టి చూశాను. అదే పైవాళ్ళని చూడండి, ఆ ఆడవాళ్ళు ఈ గదిలో కనపడనే కనపడరు. అదీ పొదుపంటే!"

గడియారం మిషన్ ఆపింది. తడిబట్టలు ఒక్కొక్కటే తీసి నలుగురికీ ఎత్తి చూపించడం మొదలుపెట్టింది.

"ఇది నాలుగో అంతస్తు డాక్టరమ్మ గారి దుప్పటి. ఇవి వాళ్ళ పిల్లల గౌన్లు. ఈ బనీను ఎవరిదో మీరే చెప్పండి బాబూ, చంక కింద చిరుగుంది."

పెద్దాయన చెప్పక్కర్లేకుండానే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మీ మురికి వదలడానికి పట్టిన గంటలు కూడా మా రంగు మీదే రాసేశారన్నమాట. సరే, రేపట్నించి ఎవరి బనీను వాళ్ళే ఉతుక్కుంటే లెక్క సరిపోతుంది."

సాయంత్రానికి గోడ మీద కాగితం లేదు.

ఇంత నోరున్న మనిషి సొంత గుమ్మం దాటి లోపలికి పోతే మూగదే. మొగుడు బస్సు డ్రైవరు. మంచివాడు. తాగడు, చెయ్యెత్తడు. అంతకంటే ఏం కావాలే నీకని అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా అనేవాళ్ళు. చీపురు ముట్టుకోడన్నది ఎవరికీ లోపంగా కనబడలేదు. చేపకి నడక రాదని ఎవరైనా ఏడుస్తారా?

ఆ ఏడు ఆసుపత్రి లాండ్రీలో మేస్త్రీ కుర్చీ ఖాళీ అయింది. గడియారాన్ని కూర్చోమన్నారు. నల్లావిడ ఆ కుర్చీ ఎక్కడం అక్కడ అదే మొదలు. షరతు ఒకటి పెట్టారు. మూడు వారాలు పరీక్ష. రోజూ పొద్దున అయిదున్నరకల్లా తాళం ఆమే తీయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మళ్ళీ దుప్పట్ల దగ్గరికే. అయిదున్నరకి ఆమె అక్కడుంటే ఇంట్లో వంటా, అంట్లూ, ఊడవడం ఎవరు చూడాలి?

"వెళ్ళు, దానికేం భాగ్యం?" అన్నాడు మొగుడు. "సగం పని నేను చేస్తూనే ఉన్నాగా."

సరిగ్గా ఆ రోజుల్లోనే చదువుకున్న పిల్లొకతె ఇంటింటికీ ఖాళీ నోటు పుస్తకాలు పంచుతూ వచ్చింది. ఏ రంగు ఇంట్లో ఆడవాళ్ళెంత, మగవాళ్ళెంత ఇంటిపని చేస్తారో తేల్చాలట. వారం పాటు పావుగంట పావుగంటకీ ఏం చేశారో రాయాలట. డ్రైవరు శ్రద్ధగా రాశాడు. వారం తిరిగాక ఆ పిల్ల వచ్చి పైకి చదివింది. పిన్ని కూడా ఏదో పనున్నట్టు వచ్చి కూర్చుంది.

"అన్నం ఉడుకుతుండగా పొయ్యి వద్ద నిలబడుట, అరగంట. కూరలో ఉప్పు చూచుట, పావుగంట. చీపురు ఎక్కడున్నదో అడుగుట, పావుగంట. భార్య ఊడ్చుచుండగా కాళ్ళు పైకెత్తుట, పావుగంట."

పిల్ల పెదవి కొరుక్కుంది. "అయిదో అంతస్తు సారు కూడా కాళ్ళెత్తడం రాశారండీ."

"తోలు రంగు మారినా ఆ కాళ్ళ తీరు మారలేదన్నమాట!" అంది పిన్ని.

"మరి నేను పై ఇళ్ళలో తోమే అంట్లు ఎందులో రాశావమ్మా?" అడిగింది గడియారం.

"అది ఇంటిపని కాదండీ, ఉద్యోగం."

"బాగుంది. అవే అంట్లు, మెట్లెక్కితే ఉద్యోగం, దిగితే నా ఖర్మ."

డ్రైవరు ముఖం చిన్నబోయింది. "నేనొక్క అబద్ధం కూడా రాయలేదు."

"రాయలేదండీ. నా భయం కూడా అదే," అంది గడియారం.

ఆయనకి రోషం వచ్చింది. "సోమవారం నుంచి పొద్దుటి పనంతా నాది. కావలిస్తే చూసుకో!"

ఆమె ఆసుపత్రికెళ్ళి సరేనని చెప్పొచ్చింది. మొగుడి రోషం మీద ఆమెకి కాస్త నమ్మకముంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ మీదే లేదు. కిందటేడు జ్వరంతో నాలుగురోజులు పడుకున్నప్పుడు మొదటిరోజు ఆయనే పొయ్యి వెలిగించి అన్నం మాడ్చాడు. మాడు వాసన గుమ్మం దాటిందో లేదో, వీధి అవతల్నించి ఆడపడుచు "అయ్యో నా తమ్ముడు!" అంటూ పరిగెత్తుకొచ్చింది. పక్కింటావిడ కూర తెచ్చింది. అంట్లు పిన్ని తోమింది. నాలుగో రోజుకి ముగ్గురు ఆడవాళ్ళు చాకిరీ చేస్తుంటే, చూడ్డానికొచ్చిన వాళ్ళతో ఆయన, "ఇంటిపని ఏమంత కష్టం కాదండీ, ఓ పద్ధతిలో పెట్టుకుంటే సరి" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె పిన్ని వాటాకి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"మా వదినని ఈ మూడు వారాలూ రావద్దన్నాను పిన్నీ. ముఖం ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. పక్కింటావిడ చేత ఒట్టు వేయించుకున్నా. ఇక మిగిలింది నువ్వు."

"నాకు చెప్పాలటే? తెల్లారేసరికి వెళ్ళి పొయ్యి వెలిగించి పెడతాను, నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా."

"చంపావు! అది వద్దనే వచ్చాను." గడియారం ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వొచ్చావంటే ఆయన మొదటిరోజే కుర్చీలో కూర్చుంటారు. నువ్వు రాలేని రోజున నేను నా కుర్చీ దిగాలి. రేపు అన్నం మాడుతుంది. వాసన నీ గదిలోకే వస్తుంది. గిన్నెలు దబదబా పడతాయి. ఆయన మెట్ల దగ్గర నిలబడి 'పిన్నిగారూ' అని దీనంగా పిలుస్తారు."

"పిలిస్తే పలక్కుండా ఎలాగే? నా చేతులు ఊరుకుంటాయా?"

"కట్టేసుకో. మూడు వారాలు పొద్దుటిపూట నీ తలుపు తియ్యకు, మా ఇంట్లో ఒక్క గిన్నె ముట్టుకోకు. నీకిది కష్టమని నాకు తెలుసు పిన్నీ, అయినా నాకోసం ఈ ఒక్కటీ చెయ్యి."